మొదటి మాత్రకు ముందే చెప్పవలసిన మాట

దేహం మన సొంతం కాదనీ, అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్ అనీ మద్రసాలో పిల్లలకు ఇరవై ఎనిమిదేళ్ళుగా చెబుతూ వస్తున్నాను. వ్యాధిని దించినవాడే దానికి చికిత్సను కూడా దించాడన్న దైవప్రవక్త (స) బోధను ప్రతి ఏటా కొత్త తరగతికి వివరిస్తాను. ఆ పాఠం చెప్పే నోటితోనే 2023 జనవరిలో ఒక ఆరోగ్య కార్యకర్త ఎదుట నేనొక అబద్ధమాడాను. రెండక్షరాల అబద్ధం: "లేదు." దాని ఖరీదును నా కాలేయం చెల్లించింది. ఈ సంగతి పత్రికలో రాయడానికి నాకు రెండేళ్ళకు పైగా పట్టింది. రాయమన్నది నా భార్య. ఉస్తాద్ దాచినదాన్ని ఉస్తాదే బయటపెట్టాలని ఆమె వాదన.

అబద్ధం జనవరిలోనే పుట్టలేదు. 2011లో మా బావమరిదికి శస్త్రచికిత్స జరిగినప్పుడు రక్తం ఇవ్వడానికి వెళ్ళాను. దానమిచ్చిన ప్రతి సీసా రక్తాన్నీ కొన్ని వ్యాధుల కోసం పరీక్షించడం చట్టం. కొన్నాళ్ళకు రక్తనిధి నుండి పిలుపు వచ్చింది. లోపలి గదిలో కూర్చోబెట్టి, నా రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఆనవాలు ఉందనీ, కాలేయ వైద్యుణ్ణి కలిసి ఏటా పరీక్ష చేయించుకోవాలనీ మృదువుగా చెప్పారు. ఒక కాగితం ఇచ్చారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి, నా ఫిఖ్‌హ్ గ్రంథం అట్టకూ, దానికి తొడిగిన గోధుమరంగు కాగితానికీ మధ్య దాచాను. పదకొండేళ్ళకు పైగా అది అక్కడే ఉంది. ఆ గ్రంథాన్ని మాత్రం రోజూ తెరిచాను.

ఎందుకు దాచాను? మా మద్రసాలో ఒకే పళ్ళెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని భోంచేస్తారు. ఈ సంగతి తెలిస్తే తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోతారనుకున్నాను. అంతకన్నా పెద్ద భయం మరొకటి. ఈ వ్యాధి పేరు వినగానే జనం ఆలోచన చెడు నడవడి వైపు పోతుంది. గడ్డం, టోపీ ఉన్న మనిషి అయితే మరీ. నిజానికి ఇది రక్తం ద్వారా, దాంపత్యం ద్వారా, ప్రసవ సమయంలో తల్లి నుండి బిడ్డకు సోకుతుంది. సరిగా శుద్ధి చేయని సూది, మంగలి కత్తి, ముక్కూ చెవులూ కుట్టే సాధనం, హిజామా చేసేవారి బ్లేడు కూడా చాలు. ఒకే పళ్ళెంలో తినడం వల్ల, చేయి కలపడం వల్ల, ఆలింగనం వల్ల సోకదు. నాకు ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. మా ఊళ్ళో చిన్నప్పుడు ఒకే సూదిని వేడినీళ్ళలో ముంచి ఊరందరికీ పొడిచిన రోజులు నాకు గుర్తున్నాయి.

ఇక 2022 చలికాలం. మారేడ్‌పల్లిలో మా మద్రసా గదులు చిన్నవి. చలికి కిటికీలు మూసి పడుకుంటాం. డిసెంబరులో మొదలైన దగ్గు రెండు వారాలు దాటినా తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లవారేసరికి చెమటతో తడిసిన పక్క. బరువు చూస్తే 54 కిలోలు. అంతకు ముందు 61 ఉండేవాణ్ణి. కళ్ళె పరీక్షలో క్షయ అని తేలింది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారట. కాబట్టి ఆశ్చర్యపడలేదు. నాతో గదుల్లో ఉండే పిల్లలందరినీ పరీక్షించారు. అల్హమ్దులిల్లాహ్, ఒక్కరికీ సోకలేదు.

మందులు ఇచ్చేరోజు ఆరోగ్య కార్యకర్త ఒక పత్రం ముందుంచుకుని ప్రశ్నలడిగింది. చక్కెర వ్యాధి ఉందా? లేదు. ఇంతకు ముందు క్షయ మందులు వాడారా? లేదు. "మద్యం అలవాటు ఉందా, మౌల్వీ సాబ్?"

"అస్తగ్‌ఫిరుల్లాహ్! నన్ను చూసి ఆ మాట ఎలా అడిగావమ్మా?" అన్నాను.

పాపం, ఆ అమ్మాయి సిగ్గుపడింది. తలవంచుకుని, "అందరినీ అడగాలండీ" అంది. ఆ తరువాత గొంతు తగ్గించి, "ఎప్పుడైనా కామెర్లు, కాలేయ జబ్బు..." అని సగంలో ఆగింది. నేను పూర్తి చేయనివ్వలేదు. "లేదు" అన్నాను. నా కోపం ఆ ప్రశ్నను మింగేసింది. నిజం చెప్పాలంటే ఆ కోపంలో సగం నటన. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రాకుండా చేయడానికే గొంతు పెంచాను.

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో తరువాత తెలిసింది. క్షయకు మొదటి రెండు నెలలు ఇచ్చే మందులు నాలుగు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పిరజినమైడ్, ఎథాంబుటాల్. నాలుగూ కలిపి ఒకే మాత్రగా చేసి, రోగి బరువును బట్టి రోజుకు ఇన్ని అని ఇస్తారు. నాకు రోజుకు నాలుగు మాత్రలు. తరువాత నాలుగు నెలలు పిరజినమైడ్ లేకుండా మిగతా మూడు. ఈ నాలుగింటిలో మొదటి మూడు కాలేయానికి భారమైనవి. ఆరోగ్యవంతులైనవారిలో కూడా కొందరికి ఇవి కాలేయ వాపు తెస్తాయి. లోపల హెపటైటిస్ బి వైరస్ నిద్రపోతూ ఉన్న కాలేయం మీద ఈ భారం పడితే ప్రమాదం మరింత పెరుగుతుంది. దెబ్బ మందుల వల్ల తగలవచ్చు, అదే సమయంలో వైరస్ విజృంభించడం వల్లా తగలవచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వైరస్ సంగతి ముందే తెలియని వైద్యుడు సగం చీకటిలో చికిత్స చేస్తున్నట్టే.

మాత్రలు మొదలైన మూడు వారాలకు దగ్గు తగ్గింది, జ్వరం పోయింది. సంతోషించాను. అయిదో వారంలో అన్నం చూస్తే వెగటు మొదలైంది. మందుల వేడి అనుకున్నాను. మూత్రం ముదురు రంగులోకి మారింది. దాన్నీ పట్టించుకోలేదు, ఎందుకంటే రిఫాంపిసిన్ వాడేవారికి మూత్రం, చెమట, చివరకు కన్నీరు కూడా నారింజ రంగులోకి మారతాయనీ, భయపడవద్దనీ మొదటి రోజే చెప్పారు. ఈ ఒక్క విషయం మీద పాఠకులను కాసేపు ఆపుతాను. క్షయ మందులు వాడేవారిలో మూత్రం రంగు చూసి కామెర్లను పోల్చుకోలేము. ఆ రంగు మందుదో, కాలేయానిదో తెలియదు. చూడవలసినది కంటి తెల్లగుడ్డును, అది కూడా పగటి వెలుగులో. ఆకలి చచ్చిపోవడం, వికారం, వాంతులు, కుడివైపు పక్కటెముకల కింద బరువు, కారణం లేని నీరసం, ఒళ్ళు దురద: ఇవి కళ్ళు పసుపెక్కడానికి ముందే వస్తాయి. అప్పుడే పరీక్ష చేయించాలి. కళ్ళ కోసం ఎదురుచూస్తే ఆలస్యమవుతుంది.

నేను ఇంకో తప్పు కూడా చేశాను. ఒక విద్యార్థి తండ్రి నా ముఖం చూసి, కామెర్ల లక్షణం ఉందని, తమ ఊరి పసరు మందు తెచ్చి ఇచ్చాడు. ప్రేమతో తెచ్చాడు, కాదనలేకపోయాను. మూడు రోజులు పరగడుపున తాగాను. దాంట్లో ఏ ఆకు ఉందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. యునానీ వైద్యాన్ని నేను చిన్నచూపు చూడను. మా తాతగారు హకీం. కానీ వాచిన కాలేయానికి తెలియని ఆకు మరొక భారం. మందులు వాడుతున్న సంగతి చెప్పకుండా పసరు తాగడం, పసరు తాగుతున్న సంగతి చెప్పకుండా మందులు వాడడం రెండూ ఒకే దాపరికం.

ఫిబ్రవరి మధ్యలో ఒక ఉదయం ఫజ్ర్ తరువాత కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. టీ ఇవ్వడానికి వచ్చిన నా భార్య గ్లాసు కింద పెట్టి, "ఏమండీ, ఇటు తిరగండి" అంది. నా రెప్ప పైకెత్తి చూసింది. మా పెద్దమ్మాయిని కేకేసింది. ఆ రోజు పాఠం జరగలేదు.

పెద్ద సర్కారు దవాఖానాలో రక్తపరీక్ష చేశారు. కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి చేరే ఏఎల్‌టీ అనే ఎంజైము సాధారణంగా 40 లోపు ఉండాలి. నాకు 612 ఉంది. కామెర్ల కొలత అయిన బిలిరుబిన్ 5 దాటింది. వైరస్ సంగతి పక్కన పెట్టినా, ఏ లక్షణమూ లేకుండా ఆ ఎంజైము సాధారణ పరిమితికి అయిదు రెట్లు దాటినా, వాంతుల వంటి లక్షణాలతో మూడు రెట్లు దాటినా ఆ మందులు ఆపాలి. నాది పదిహేను రెట్లు. వైద్యురాలు మాత్రలన్నీ వెంటనే ఆపించారు. "మౌలానా గారూ, మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్ష కాగితం ఏదీ?" అని అడిగారు. లేదు. "హెపటైటిస్ పరీక్ష?" నా భార్య నా వైపు చూసింది. ఆమెకు ఏమీ తెలియదు. అయినా నా మౌనం పొడవును బట్టి ఏదో ఉందని గ్రహించింది. అప్పుడు చెప్పాను. మా అమ్మాయి ఇంటికి వెళ్ళి గ్రంథం అట్టలోంచి కాగితం తెచ్చింది. మడతల దగ్గర అది నాలుగు ముక్కలయింది.

వైద్యురాలు కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. "ఈ కాగితం జనవరిలో నా బల్లమీద ఉండి ఉంటే..." అని ఆగి, పని మొదలుపెట్టారు.

ఉండి ఉంటే ఏం జరిగేదో అప్పటి నుండి ఆమెను అడిగి, ఆమె చెప్పినది రాసుకుని, అర్థం చేసుకున్నాను. క్షయ మందుల మొదటి మోతాదుకు ముందే హెపటైటిస్ బి, సి పరీక్షలూ, కాలేయ పరీక్షా జరిగేవి. వైరస్ ఉందని తెలిసినవారికి దాని సంఖ్యను కొలిచే డీఎన్‌ఏ పరీక్ష చేసి, అవసరమైనవారికి టెనోఫోవిర్ లేదా ఎంటెకవిర్ మాత్రను క్షయ మందులకు ముందుగానో, వాటితోపాటో మొదలుపెడతారు. అది వైరస్‌ను అణచి ఉంచుతుంది. ఆపైన మొదటి రెండు నెలలు రెండు వారాలకోసారి, తరువాత నెలకోసారి రక్తపరీక్ష. ఇలా కాపు కాస్తే హెపటైటిస్ బి ఉన్నవారిలో చాలామంది ఇవే క్షయ మందులను పూర్తికాలం వాడి బాగుపడతారు. వైరస్ ఉందని క్షయ మందులకు భయపడి మానేయడం మరో ప్రమాదం. చికిత్స లేని క్షయ ప్రాణాంతకం, ఇంటిల్లిపాదికీ అంటుతుంది.

నా విషయంలో ఆ పని తలకిందులుగా జరిగింది. డీఎన్‌ఏ పరీక్షలో వైరస్ ఎక్కువగా ఉందని తేలింది. టెనోఫోవిర్ మొదలైంది. క్షయను వదిలేయకుండా, కాలేయానికి అంతగా భారం కాని ఎథాంబుటాల్, లివోఫ్లాక్సాసిన్, ఒక సూదిమందు ఇచ్చారు. నెల గడిచాక ఎంజైములు దిగాయి. అప్పుడు అసలు మందులను ఒక్కొక్కటిగా తిరిగి ఇచ్చారు. నాలుగూ ఒకే మాత్రలో ఉంటే ఏది గుచ్చుకుందో తెలియదు గనుక, విడి మాత్రలు తెప్పించారు. మొదట రిఫాంపిసిన్, రక్తపరీక్ష. కొన్ని రోజులాగి ఐసోనియాజిడ్, మళ్ళీ రక్తపరీక్ష. పిరజినమైడ్‌ను ఇక ఇవ్వలేదు. అందువల్ల ఆరు నెలల చికిత్స తొమ్మిది నెలలయింది, మధ్యలో పోయిన కాలం అదనం.

రిఫాంపిసిన్ తిరిగి మొదలైన వారానికే రమజాన్ వచ్చింది. ఆ సంవత్సరం మన దేశంలో మొదటి రోజా మార్చి 24న. అదే తేదీన 1882లో రాబర్ట్ కోఖ్ క్షయ సూక్ష్మజీవిని కనుగొన్నట్టు ప్రకటించాడు. అందుకే ఏటా ఆ రోజును ప్రపంచ క్షయ దినంగా జరుపుతారు. నాకు మాత్రం అది ఇరవై ఎనిమిదేళ్ళలో తరావీహ్‌లో ముందు నిలబడని మొదటి రాత్రి. వ్యాధిగ్రస్తులు ఇతర దినాలలో రోజాలు పూర్తి చేసుకోవచ్చునన్న ఖుర్ఆన్ వెసులుబాటును ఎంతమందికి బోధించానో లెక్కలేదు. అది నా మీదకు వచ్చినప్పుడు మాత్రం అవమానంగా అనిపించింది. పగటిపూట వంటగదిలో ఎవరూ చూడకుండా నీళ్ళు తాగేవాణ్ణి. మనవడు ఒకసారి చూసి, "నానా, మీకు రోజా లేదా?" అన్నాడు. వాడికి ఆరేళ్ళు. వాడికి నిజం చెప్పాను. అక్కడ నాకు కాస్త ఊపిరాడింది.

నాతో పనిచేసే ఒక ముఅజ్జిన్ సోదరుడు నా మేలు కోరి, మాత్రలన్నీ ఆపి తఖ్‌దీర్‌కు వదిలేయమన్నాడు. అతనికి హజ్రత్ ఉమర్ (రజి) సంఘటనను గుర్తుచేశాను. హిజ్రీ 18 ప్రాంతంలో షామ్ దేశానికి బయలుదేరిన ఆయన, సర్గ్ అనే చోట అక్కడ ప్లేగు వ్యాపించిందని విని వెనుదిరిగారు. విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగినప్పుడు, అల్లాహ్ విధించిన ఒక విధి నుండి ఆయనే విధించిన మరో విధి వైపుకు పోతున్నామన్న భావంతో సమాధానమిచ్చారు. ముఅజ్జిన్ సోదరుడు తలూపాడు. అయితే ఈ సంఘటనను మరొకరికి చెప్పేటంత సులభంగా నేను పాటించలేదని అతనికి అప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చదువుకుంటాడు.

ఇంటివారందరికీ పరీక్షలు చేయించాను. నా భార్యకు ఎప్పుడో సోకి, శరీరమే దాన్ని జయించి రక్షణ సంపాదించుకుందని తేలింది. చిన్నపిల్లలిద్దరికీ చిన్నప్పుడే టీకా పడింది. ఆ టీకా కథ మన హైదరాబాదుది. 1993లో వరప్రసాద్ రెడ్డి గారు తమ తల్లి పేరిట శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, తరువాత సీసీఎంబీలోనూ పరిశోధన సాగించి, 1997లో దేశంలోనే తయారైన మొదటి జన్యుసాంకేతిక హెపటైటిస్ బి టీకాను విడుదల చేశారు. బ్యాంకులు ముఖం చాటేసిన రోజుల్లో ఆ సంస్థకు పెట్టుబడి పెట్టి నిలబెట్టినవారు ఒమాన్ అప్పటి విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ. దిగుమతి టీకా వందల రూపాయలు పలికే కాలంలో అది 50 రూపాయలకు దొరికింది. మా చిన్నపిల్లలకు ఎవరో స్కూలుకు వచ్చి వేసిన సూది అలాంటి చౌక టీకాయే అయి ఉండాలి. పెద్దమ్మాయి ఆ రోజు స్కూలుకు పోలేదు. ఆమెకు వైరస్ లేదు, రక్షణా లేదు. నేను కాగితం దాచిన పదకొండేళ్ళూ ఆమె ఆ ఇంట్లోనే రక్షణ లేకుండా ఉంది. ఆ రోజే మొదటి సూది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది వేయించాం. ఈ రోజుల్లో పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపే మొదటి టీకా వేస్తారు. కాన్పు ఇంట్లో జరిగినా దీన్ని మరువకూడదు.

మా రెండో అమ్మాయికి అప్పుడొక సంబంధం కుదిరి ఉంది. పిల్లవాడి తండ్రిని కలిసి అంతా చెప్పాను, అమ్మాయి పరీక్ష కాగితాన్ని కూడా చూపించాను. ఆయన మర్యాదగా విన్నారు. పదిరోజుల తరువాత, ఇస్తిఖారా చేశామనీ, మనసు ఒప్పడం లేదనీ కబురంపారు. వారిని తప్పుపట్టను, నేను పదకొండేళ్ళు చేసిందీ అదే భయంతో. మరుసటి ఏడాది వేరే ఇంట్లో ఆమె నికాహ్ జరిగింది. వారికీ ముందే చెప్పాను. పెళ్ళికొడుకు తల్లి, "అమ్మాయికి టీకా పడింది కదా, ఇంకేం?" అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

2023 డిసెంబరులో క్షయ చికిత్స పూర్తయింది. టెనోఫోవిర్ మాత్రం ఆగలేదు. ఇది తెలియక కొందరు క్షయ మందులతోపాటే దాన్నీ మానేస్తారు. వైద్యుడు చెప్పకుండా ఆపితే అణగి ఉన్న వైరస్ ఒక్కసారిగా లేచి, కాలేయం మళ్ళీ వాస్తుంది. ఈ మందుకు మూత్రపిండాల పరీక్ష కూడా అప్పుడప్పుడు అవసరం. టెనోఫోవిర్‌లో రెండు రకాలున్నాయి. వాటిలో కొత్త రకం రక్తంలో నిలవకుండా రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. అందుకే క్షయ చీటీ, కాలేయం చీటీ వేరు వేరు వైద్యుల దగ్గర ఉండిపోకూడదు. రెండూ ఒకే బల్లమీద పరవాలి. 2018 జూలై 28 నుండి ప్రభుత్వ హెపటైటిస్ కార్యక్రమం కింద ఈ పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తున్నారు. క్షయ మందులు ఎప్పటి నుండో ఉచితమే. పోషణ కోసం నా కాలంలో నెలకు 500 రూపాయలు బ్యాంకులో పడేవి. 2024 నవంబరు నుండి వెయ్యి చేశారు. డబ్బు లేదన్న సాకు నాకు లేదు. నాకున్నది సిగ్గు ఒక్కటే.

ఇప్పుడు మా మద్రసాలో చేరే ప్రతి పిల్లవాడి టీకా కార్డు చూస్తాం. హిజామా చేయడానికి వచ్చేవారు కొత్త బ్లేడు పొట్లం మా ఎదుటే విప్పాలి. మొదట్లో ఒకాయన అలిగాడు, ఇప్పుడు అలవాటుపడ్డాడు.

మొన్న ఇషా తరువాత అడ్డగుట్ట నుండి ఒక యువ ఇమాం వచ్చాడు. నా పాత విద్యార్థి. మూడు వారాలుగా దగ్గు, కళ్ళెలో క్షయ అని తేలింది, మందులు ఇంకా మొదలుపెట్టలేదు. దుఆ చేయమని అడిగాడు. చేశాను. తరువాత తలుపు దగ్గరకు వేసి, నా కథ చెప్పాను. అతను చాలాసేపు చాప అంచు పోగులు లాగుతూ కూర్చున్నాడు. చివరకు, "ఉస్తాద్, అమ్మీకి కాలేయ జబ్బు ఉండేది. దానితోనే పోయింది. ఎవరికీ చెప్పవద్దని అబ్బా అన్నారు" అన్నాడు.

సోమవారం ఉదయం అతనికి రక్తపరీక్ష. మొదటి గంట పాఠం వేరొకరికి అప్పగించి, నేను తోడు వెళ్తున్నాను.